దక్కని నల్ల గొర్రెనా, నెల్లూరు జాతా? మేత భూమిని బట్టి మంద ఎంపిక

సంతలో దక్కని నల్ల పొట్టేలు పక్కన నెల్లూరు జాతిలో జోడిపి రకం పొట్టేలును నిలబెడితే, కొత్తగా జీవాలు కొనడానికి వచ్చినవారి చెయ్యి ముందు జోడిపి మీదికే పోతుంది. బెత్తెడు ఎక్కువ ఎత్తు, పొడుగు కాళ్లు, నున్నని తెల్లని ఒళ్లు, కళ్ల చుట్టూ కాటుక పెట్టినట్టు నల్ల మచ్చలు. పక్కనున్న నల్లది పొట్టిగా, ఒళ్లంతా ఉన్నితో, దుమ్ము కొట్టుకుని ఉంటుంది. జోడిపిని మెచ్చడంలో తప్పు లేదు, అది నిజంగా మంచి జాతి. కానీ ఆ ఎత్తుకు తగ్గ మేత ఏడాది పొడవునా ఉందో లేదో చూసుకోకుండా కొంటే మార్చి వచ్చేసరికి డొక్కలు లోపలికి పోతాయి, ఏప్రిల్‌లో ఈనిన తల్లికి పాలుండవు, పిల్లలు రాలిపోతాయి. మంద నష్టాల్లో చాలా భాగం జబ్బుతోనే వచ్చిందనుకుంటాం. మూలం వెతికితే భూమికి సరిపడని జాతిని తెచ్చిన చోటే తేలుతుంది.

అందుకే ఈ పోలికలో ముందు చూడాల్సింది మీ మేత. రాళ్ల గుట్టలు, చెలకలు, బంచరాయి, కోతలయ్యాక కొయ్యకాళ్లు మాత్రమే దిక్కయితే ఒక జవాబు. బోరు కింద పచ్చిమేత, కొట్టం ఉంటే ఇంకో జవాబు.

నల్ల గొర్రె ఎక్కడిది, ఎలాంటిది

దక్కన్ పీఠభూమి గొర్రె ఇది. రాజస్థాన్ వైపు ఉన్ని గొర్రెలూ, దక్షిణాది బొచ్చు గొర్రెలూ (ఉన్ని లేకుండా పొట్టి వెంట్రుకే ఉండేవి) తరతరాలుగా కలిసిపోగా ఏర్పడిందని పశుశాస్త్రవేత్తల అంచనా. దీని ఇల్లు మూడు రాష్ట్రాల్లో పరచుకుని ఉంది. తెలంగాణలో పాత మహబూబ్‌నగర్, మెదక్, రంగారెడ్డి, నల్గొండ జిల్లాలు, కర్ణాటకలో బీదర్, కలబురగి, రాయచూరు వైపు, మహారాష్ట్రలో షోలాపూర్, అహిల్యానగర్ (పాత అహ్మద్‌నగర్), పుణె, సాంగ్లి, కొల్హాపూర్. మహారాష్ట్రలో లోణంద్, సంగమనేరి, షోలాపురి, కొల్హాపురి అని దీనిలోనే తెగలున్నాయి. బళ్లారి జాతి అని వేరే పేరుతో అమ్మేది కూడా చూపుకు దాదాపు ఇలాగే ఉంటుంది. వ్యాపారి బళ్లారి అన్నా దక్కని అన్నా కొనేవారికి పెద్ద తేడా రాదు, చూడాల్సిన లక్షణాలు ఒకటే.

ఒళ్లు మధ్యస్థం, బిగువు. తల్లి గొర్రె 25 నుంచి 30 కిలోలు, పొట్టేలు 35 నుంచి 40 కిలోలు. ఎక్కువ భాగం నలుపు. నల్ల ఒంటి మీద తెల్ల మచ్చలున్నవీ, బూడిద రంగువీ, తెల్లవీ కనిపిస్తాయి. ముక్కు దూలం కాస్త వంపు, చెవులు మధ్యరకంగా వాలి ఉంటాయి, తోక పొట్టిగా సన్నగా ఉంటుంది. పొట్టేళ్లకు కొమ్ములుంటాయి, ఆడవాటికి సాధారణంగా ఉండవు. ఒంటి మీద ముతక ఉన్ని, అందులో వెంట్రుక కలిసి ఉంటుంది. ఏడాదికి ఒక గొర్రె ఇచ్చేది అరకిలో నుంచి ముప్పావు కిలో. చలి తగ్గాక ఒకసారి, వానలు తెరిపిచ్చాక ఒకసారి కత్తిరిస్తారు. పిల్లల మొదటి కత్తిరింపు ఉన్ని అన్నిటికన్నా మెత్తన.

ఈ ఉన్నితోనే గొంగడి నేస్తారు. కురుమల్లో ఉన్ని కంకణం, పత్తి కంకణం అని తెగల పేర్లే ఉన్నాయంటే ఈ జీవంతో వారి అనుబంధం ఎంత పాతదో తెలుస్తుంది. పడుగు దారానికి చింతగింజల గంజి పట్టించి గుంట మగ్గం మీద నేసిన గొంగడి వానలో కాపరికి గొడుగు, రాత్రి పరుపు, చలికి దుప్పటి. ముతక ఉన్నికి ధర పడిపోయాక కత్తిరింపు కూలి కూడా రాని పరిస్థితి చాలా ఊళ్లలో వచ్చింది. నల్ల మందలు తగ్గడానికి అదొక పెద్ద కారణం. 2017లో తెలంగాణ ప్రభుత్వం మొదలుపెట్టిన గొర్రెల పంపిణీలో 20 ఆడ గొర్రెలు, ఒక పొట్టేలు కలిపి ఒక యూనిట్‌గా ఇచ్చారు. అవి ఎక్కువగా పక్క రాష్ట్రాల నుంచి తెచ్చిన బొచ్చు జాతి జీవాలు. ఉన్ని గొర్రె వాటా అక్కడ ఇంకొంత తగ్గింది.

ఉన్ని అమ్ముడుపోకపోయినా ఆ ఉన్ని గొర్రెకు చేసే పని ఆగదు. డిసెంబరు రాత్రి చేనులో మంద కట్టినప్పుడు మంచు పైపైనే నిలుస్తుంది, చర్మానికి తగలదు. అదే పొలంలో బొచ్చు గొర్రె పొద్దుటికి ముడుచుకుని వణుకుతుంది. జూలైలో రెండు మూడు రోజులు ముసురు పట్టి చల్లగాలి కొట్టిందంటే బయట కట్టిన మందలో మొదట పోయేవి బొచ్చు జాతి పిల్లలే.

దీని అసలు బలం నడక. రోజుకు పది కిలోమీటర్లు నడిచి, గుట్ట ఎక్కి దిగి, ముళ్లపొదల కింద రాలిన ఆకు, తుమ్మకాయ, ఎండు పరక ఏరుకుని సాయంత్రానికి కడుపు నింపుకుంటుంది. ఒళ్లు చిన్నది కాబట్టి దానికి కావాల్సిందీ తక్కువ. లెక్క సులువు. ఎండు పదార్థంగా చూస్తే ఏ గొర్రెకైనా రోజుకు ఒంటి బరువులో 3 నుంచి 4 శాతం మేత కావాలి. 28 కిలోల నల్ల గొర్రెకు కిలో సరిపోతే 36 కిలోల నెల్లూరు తల్లికి కిలోంపావుకు పైనే కావాలి. వందకు పెంచి చూడండి. మేత కరువు నెలల్లో రోజూ పాతిక కిలోల ఎండుమేత తేడా వస్తుంది.

లోపాలూ చెప్పాలి. ఎదుగుదల నెమ్మది. మామూలు మేపు మీద మూడు నెలల పిల్ల 10 నుంచి 12 కిలోలు తూగుతుంది, దాదాపు ఎప్పుడూ ఒక ఈతకు ఒకటే పిల్ల. మాంసం వ్యాపారి ముందు నిలబెడితే ధర తక్కువ చెబుతాడు. ఉన్నిలో పిడుదులు, గోమార్లు దాక్కుంటాయి. కత్తిరించడం మానేస్తే గజ్జి కూడా చేరుతుంది.

నెల్లూరు జాతి

భారతదేశంలో ఎత్తైన గొర్రె ఇదే. ఉన్ని లేదు, పొట్టి వెంట్రుకే. మూడు రకాలుగా పిలుస్తారు. తెల్లని ఒంటి మీద పెదవులకు, కళ్ల చుట్టూ, కింది దవడకు నల్ల మచ్చలుంటే జోడిపి. పూర్తి తెలుపు, లేదా తల, మెడ, కాళ్ల మీద లేత గోధుమ మచ్చలుంటే పల్ల. ఒళ్లంతా గోధుమ ఎరుపైతే దొర. చాలావాటికి మెడ కింద రెండు చర్మపు లోలకులు వేలాడతాయి. పొట్టేళ్లకు కొమ్ములు, ఆడవి బోడివి.

మంచి మేత మీద తల్లి 32 నుంచి 36 కిలోలు, పొట్టేలు 40 దాటుతుంది. మూడు నెలల పిల్ల 13 నుంచి 15 కిలోలు తూగుతుంది. కత్తిరింపు ఖర్చు లేదు, ఒంటి మీద పిడుదు ఉంటే కంటికి కనిపిస్తుంది. కోస్తా ఉక్కలో, ఎండలో ఉన్ని గొర్రె రొప్పుతూ నిలబడిపోయే చోట ఇది మేస్తుంది. నెల్లూరు, ప్రకాశం, చిత్తూరు వైపు కాపరి నల్ల గొర్రె కోసం వెతకాల్సిన పనే లేదు. నేల దీనిది.

తెలంగాణ గుట్టలకు తెస్తే మూడు చోట్ల దెబ్బ తింటుంది. మొదటిది పైన చెప్పిన చలి, ముసురు. రెండోది మేత. పొడుగు గొర్రె కొమ్మలందుకోగలదు, అది దాని లాభం, కానీ నేలబారు పరక మీద మాత్రమే బతకాలంటే దాని ఒంటికి చాలదు. మూడోది చాలామంది చూడనిది, కొత్త చోటి జబ్బులు, నట్టలు (కడుపులో పెరిగే పురుగులు). ఒక ప్రాంతంలో పుట్టిన జీవానికి అక్కడి నట్టల బరువును కొంత తట్టుకునే గుణం ఉంటుంది, లారీలో వచ్చిన దానికి అది ఉండదు. తెచ్చిన మొదటి ఆరు నెలల్లో చనిపోయేవి ఎక్కువ కావడానికి ఇదొక పెద్ద కారణం. ఆ తర్వాత మిగిలినవి నిలదొక్కుకుంటాయి.

కొట్టంలో పెంచేవారికి మాత్రం నెల్లూరే మేలు. నిలబెట్టి మేపాలంటే తిన్న మేతను త్వరగా బరువుగా మార్చే జాతి కావాలి, నల్ల గొర్రెకు ఆ ఖర్చు గిట్టదు. తల్లికి 10 నుంచి 12 చదరపు అడుగుల కప్పు కింద చోటు, రోజుకు 4 కిలోల పచ్చిమేత, అరకిలో వేరుశనగ కట్టె లేదా కంది పొట్టు, 200 నుంచి 250 గ్రాముల దాణా లెక్కేసుకోండి. 21 జీవాలకు రోజుకు 84 కిలోల పచ్చిమేత, అంటే ఏడాదికి 30 టన్నులు. సూపర్ నేపియర్ గడ్డికి అర ఎకరం, హెడ్జ్ లూసర్న్ అనే పప్పుజాతి మేతకు ఒక పది గుంటలు బోరు కింద పెట్టుకోకుండా కొట్టం కట్టవద్దు. నేపియర్ ఒక్కటే వేసి మేపితే మాంసకృత్తులు చాలక పిల్లలు ఎదగవు. ఇంకొక మాట. ఆవులకు వాడే ఖనిజ మిశ్రమం గొర్రెలకు పెట్టవద్దు. అందులో రాగి ఎక్కువ, గొర్రె కాలేయం దాన్ని బయటికి పంపలేదు, మెల్లగా పేరుకుని ఒక్కసారిగా కామెర్లతో పడిపోతుంది. గొర్రెల కోసం అని రాసి ఉన్నదే కొనండి.

మాచర్ల, నారి సువర్ణ

గుంటూరు, ప్రకాశం, కృష్ణా వైపు తెల్లని ఒంటి మీద పెద్ద పెద్ద నల్ల లేదా గోధుమ మచ్చలతో కనిపించే గొర్రె మాచర్ల. చాలాకాలం దీన్ని నెల్లూరులోనే కలిపి లెక్కించారు, ఈమధ్యే ప్రత్యేక జాతిగా నమోదైంది. ఇదీ బొచ్చు జాతే, మాంసం కోసమే. కృష్ణా నదికి రెండు వైపులా ఉన్న మెట్ట భూముల్లో, నల్గొండ దక్షిణ భాగంలో నెల్లూరు కొనాలనుకునేవారు ముందు దీన్ని చూడాలి. అదే ఎండ, అదే మేత మీద పుట్టిన జీవం దగ్గర్లో దొరుకుతుంటే దూరం నుంచి తెచ్చుకోవడం ఎందుకు?

నారి సువర్ణ కథ వేరు. సుందర్‌బన్స్‌లో గరోల్ అనే చిన్న గొర్రెకు ఎక్కువ పిల్లలనిచ్చే జన్యువు ఉంది. దాని పేరు ఫెక్‌బి. మహారాష్ట్ర ఫల్టన్‌లోని నింబ్కర్ వ్యవసాయ పరిశోధన సంస్థ ఆ జన్యువును దక్కని గొర్రెలోకి తెచ్చి, దక్కని ఒళ్లు పోకుండా కవలలు పుట్టేలా రూపొందించింది. వినడానికి ఇంతకన్నా మంచిది లేదనిపిస్తుంది. గుట్టల మీద మాత్రమే మేపేవారికి మేం దీన్ని చెప్పం. రెండు పిల్లలు మోసే తల్లికి చివరి నెలన్నర, ఈనాక రెండు నెలలు రోజుకు పావుకిలో దాణా తప్పదు. లేకపోతే రెండు బలహీనమైన పిల్లలు పుట్టి రెండూ పోతాయి, తల్లి కూడా చిక్కిపోతుంది. సాయంత్రం ఇంటి దగ్గర దాణా పెట్టగలిగినవారికి, చిన్న పిల్లలకు సీసాతో పాలు పట్టే ఓపిక ఉన్నవారికి ఇది మంచి ఎంపిక.

కలపాలా, వద్దా

నల్ల మందలో నెల్లూరు పొట్టేలును వదిలితే మొదటి తరం పిల్లలు తల్లి కన్నా బరువుగా వస్తాయి. అది చూసి ఆ ఆడపిల్లలనే మందలో ఉంచి, మళ్లీ వాటిమీద నెల్లూరు పొట్టేలునే వదులుతారు. రెండో తరానికి ఉన్ని పలచబడి వెంట్రుకలు కలుస్తాయి. నేతగాడు తీసుకోడు, చలికీ ఆగదు. మేత మాత్రం పెద్ద గొర్రెంత తింటుంది. నాలుగైదేళ్లలో మందకు ఏ జాతి గుణమూ పూర్తిగా మిగలదు. ఇంకో ఇబ్బంది మొదటి ఈత గొర్రెలకు వస్తుంది. చిన్న నల్ల తల్లి కడుపులో పెద్ద తండ్రి పిల్ల ఉంటే ఈనడం కష్టమై చెయ్యి పెట్టి లాగాల్సి వస్తుంది. కలపాలనుకుంటే మూడు ఈతలు దాటిన పెద్ద తల్లుల మీదే పెద్ద పొట్టేలును వదలండి.

సంతలో చూడాల్సినవి

పెబ్బేరు లాంటి పెద్ద సంతలో రకరకాల మందల జీవాలు ఒకే తాడుకు కట్టి ఉంటాయి. తెల్లవారుజామునే వెళ్లండి. ఎండెక్కాక ప్రతి గొర్రే నీరసంగానే ఉంటుంది, జబ్బుదేదో అలసిందేదో తెలియదు.

నల్ల గొర్రె అయితే డొక్క మీద రెండు చేతుల బొటనవేళ్లతో ఉన్నిని పాయ తీయండి. లోపల చర్మం గులాబీ రంగులో, కొద్దిగా జిడ్డుగా ఉండాలి. పొట్టు రాలుతున్నా, పొక్కు కట్టినా, గోమార్లు పరుగెత్తినా పక్కన పెట్టండి. ఉన్ని వేళ్లకు గరుకుగా, గుత్తిగా తగలాలి. పలచని ఉన్ని మధ్య పొడుగాటి నున్నని వెంట్రుకలు ఎక్కువగా ఉన్నా, నల్ల గొర్రెకు మెడ కింద లోలకులు ఉన్నా నెల్లూరు రక్తం కలిసిందని అనుమానించాలి.

తర్వాత కన్ను. కింది రెప్పను బొటనవేలితో మెల్లగా కిందికి లాగితే లోపలి పొర ఎర్రగా లేదా ముదురు గులాబీగా కనిపించాలి. తెల్లకాగితంలా పాలిపోయి ఉంటే కడుపులో రక్తం తాగే నట్టలున్నట్టే. దవడ కింద నీటి సంచిలా వాపు ఉంటే నట్టలో, కార్జపు జలగో బాగా ముదిరాయి. అది ఎంత చవకగా ఇచ్చినా వద్దు.

పళ్లు చూడటం అందరికీ తెలిసిందే, అయినా తొందరలో తప్పు జరిగేది ఇక్కడే. రెండు పెద్ద పళ్లు ఏడాది నుంచి ఏడాదిన్నర, నాలుగు రెండేళ్లు, ఆరు సుమారు మూడేళ్లు, ఎనిమిది నిండితే నాలుగేళ్లు. మంద మొదలుపెట్టేవారికి రెండు, నాలుగు పళ్లవి కావాలి. ఎనిమిది పళ్లు సందులు పడి, అరిగి ఉంటే గుట్ట మీద పరక కొరకలేదు. అలాంటిదే చూడిది అని చెప్పి ఎక్కువ ధరకు అంటగడతారు. పొదుగు రెండు వైపులా నొక్కి చూడండి, ఒక వైపు గట్టిగా రాయిలా ఉంటే పొదుగువాపు వచ్చి పోయిన గుర్తు, ఆ వైపు పాలు రావు. పొట్టేలు వృషణాలు రెండూ సమానంగా, బిగువుగా, కిందికి దిగి ఉండాలి. కాళ్లు నేరుగా, గిట్టల మధ్య వాసన, పుండు లేకుండా ఉండాలి. కొండ మీద నడిచే జీవానికి గిట్టే ప్రాణం.

ఇంటికి తెచ్చాక 21 రోజులు పాత మందతో కలపవద్దు. మొదటి మూడు రోజులు ఎండుమేత, శుభ్రమైన నీళ్లు. నాలుగో రోజు పేడ పరీక్ష చేయించి పశువైద్యుడు చెప్పిన నట్టల మందు తాగించండి. చూడి మొదటి నెలలో ఉన్నవాటికి ఆల్బెండజోల్ ఇవ్వకూడదు, కడుపులో పిల్ల దెబ్బతింటుంది. అమ్మినవాడు టీకాలు వేశామన్నా నమ్మి ఊరుకోవద్దు. పారుడు వ్యాధి (పీపీఆర్) టీకా ఒకసారి వేస్తే మూడేళ్లు పనిచేస్తుంది. చిటుక రోగం (ఎంటరోటాక్సీమియా) టీకా వానలకు ముందు, ఏప్రిల్, మే నెలల్లో. మొదటిసారైతే రెండు వారాలకు మళ్లీ వేయాలి. తొలకరి తర్వాత లేత గడ్డి ఒక్కసారిగా కడుపునిండా మేసినప్పుడు చిటుక వస్తుంది, బాగా తిని బలిసినవే ముందు పోతాయి. నీలి నాలుక వ్యాధికి ఏ జాతీ అతీతం కాదు. వానల చివర్లో చిన్న కీటకాలు దాన్ని మోసుకొస్తాయి కాబట్టి టీకా ముందే వేయించి, సాయంత్రం కొట్టంలో వేపాకు పొగ పెట్టండి.

కొనడానికి మంచి కాలం సంక్రాంతి దాటాక. నీలి నాలుక తగ్గుతుంది, వరి కొయ్యకాళ్లు, రాలిన కంది ఆకు ఉంటాయి, కొత్త చోటు అలవాటు పడటానికి ఎండలకు ముందు రెండు నెలలు దొరుకుతాయి. నడివేసవిలో చవకగా వస్తాయని కొన్నవి తొలకరి దాకా నిలవడం కష్టం.

మీ పరిస్థితికి ఏది

సొంత భూమి లేకుండా, ఊరి గుట్టలు, చెలకల మీద మేపుతూ, కోతలయ్యాక పొలాల్లో మంద కట్టి ఎరువుకు ధాన్యమో డబ్బో తీసుకునేవారికి నల్ల గొర్రె. దానిలో ఇంకొకటి కలపవద్దు. కోస్తా, రాయలసీమ తూర్పు భాగాల్లో ఎలా మేపినా నెల్లూరు. పల్నాడు, నల్గొండ దక్షిణాన మాచర్ల. ఎక్కడైనా సరే, బోరు కింద మేత, కొట్టం ఉండి మాంసం కోసమే పెంచితే జోడిపి. పగలు గుట్ట మీద, రాత్రి దాణా పెట్టగలిగితే నారి సువర్ణ.

మధ్యలో ఉన్నవారు చాలామంది, గుట్ట కూడా ఉంది, బోరు కింద ఎకరం కూడా ఉంది. వారికి మేం చెప్పేది ఇది. ఇరవై నల్ల తల్లులను ఉంచుకోండి. వాటిలో పడుచువి, మంచివి పన్నెండింటి మీద నల్ల పొట్టేలునే వదలండి, మందకు రేపటి తల్లులు వాటి నుంచే రావాలి. మిగతా ఎనిమిది పెద్ద తల్లుల మీద నెల్లూరు లేదా మాచర్ల పొట్టేలును వదలండి. గొర్రె 17 రోజులకోసారి ఎదకొస్తుంది కాబట్టి 35 రోజులు రెండు గుంపులనూ విడిగా మేపితే రెండు ఎదలూ అందుతాయి.  పొట్టేలుతో కట్టించడానికి మూడు వారాల ముందు నుంచి తల్లులకు రోజుకు పావుకిలో దాణా పెడితే ఎద బాగా వస్తుంది. జూన్, జూలైలో కడితే సుమారు 150 రోజులకు, అంటే నవంబరు, డిసెంబరులో ఈనుతాయి, అప్పుడు కొయ్యకాళ్ల మేత మీద తల్లికి పాలు ఉంటాయి. రెండేళ్లకోసారి నల్ల పొట్టేలును వేరే మంద నుంచి మార్చండి, లేకపోతే తండ్రి తన కూతుళ్లనే కడతాడు.

కలిసిన పిల్లలను పుట్టిన వారంలోనే ఎడమ చెవికి గంటు పెట్టి గుర్తించండి. మగవైనా ఆడవైనా, ఎంత అందంగా ఉన్నా, గంటున్న ప్రతి పిల్లా అమ్మకానికే పోవాలి.